ప్రాణహిత ఒడ్డున గడ్డపు కుక్క

పోయినసారి అవ్వ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం గురించి రాశాం. ఈసారి కుక్క గురించి. కుక్క ఏం వారసత్వం అని మా ఇంట్లోనే ఒకరిద్దరు నవ్వారు. కానీ మా ఇంటి ముచ్చట్లలో రెండు పెద్ద సంగతులు కుక్కతోనే ముడిపడి ఉన్నాయి. ఒకటి 1949లో జరిగింది, ఇంకొకటి 2024లో. ఆ రెండూ చెప్పాలంటే మధ్యలో ఇంగ్లండులోని ఒక నది, మా ప్రాణహిత, ఉన్ని మిల్లు కూలీలు, సిరొంచ దొరలు అందరూ వస్తారు. కొంచెం ఓపిక పట్టండి.

సూరత్‌లోనో డల్లాస్‌లోనో ఉండి ఇది చదివేవాళ్ళకు ముల్చేర ఎక్కడో చెప్పాలి. గడ్చిరోలి జిల్లాలో ఒక తాలూకా ఊరు. పైన చపరాళ అడవి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కడి నుంచి 113 కిలోమీటర్లు పారి సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు కాళేశ్వరం. మా ముత్తాత చెన్నూరు దిక్కు నుంచి నది దాటి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. మా చుట్టూ నాలుగు భాషలు: తెలుగు, మరాఠీ, గోండీ, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి ఇక్కడి అడవిలో స్థిరపడ్డవాళ్ళ బెంగాలీ. అవ్వ 1938లో పుట్టినప్పుడు ఇది సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్. గడప దాటకుండానే ఆమె 1950లో మధ్యప్రదేశ్ మనిషి అయింది, 1956లో బొంబాయి రాష్ట్రం మనిషి అయింది, 1960లో మహారాష్ట్ర మనిషి అయింది. చాందా జిల్లా పేరు చంద్రపూర్ అయింది. 1982 ఆగస్టు 26న అందులోంచి గడ్చిరోలి విడిపోయింది. "నేను యాడికి పోలే బిడ్డా, సర్కార్లే వచ్చిపోయినయ్" అంటుంది అవ్వ.

ఆ అవ్వే మా ఇంట్లో కుక్క వద్దన్నది. అరవై ఏండ్లు ఆ మాట ఎవరూ దాటలేదు. ఆమెకు కుక్క అంటే అసహ్యం అని కాదు. మల్లన్న పటంలో దేవుని పక్కన ఉన్న కుక్కకు కుంకుమ పెడుతుంది. మా మరాఠీ పక్కింటివాళ్ళ ఖండోబా దగ్గరా కుక్క ఉంటుంది, దానికీ దండం పెడుతుంది. స్వర్గం దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ మాకు చెప్పింది ఆమే. వాకిట్లోకి వచ్చిన కుక్కకు మాత్రం ముద్ద దూరం నుంచి విసిరేది. గడప ఎక్కనిచ్చేది కాదు.

కారణం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది తర్వాత చెప్తాం.

ముందు గడ్డపు కుక్క సంగతి. మా తాత చిన్నప్పుడు అల్లపల్లి టేకు డిపోకు బండ్లు తోలేవాడు. అక్కడికి వచ్చిన ఒక అడవి దొర దగ్గర గడ్డం, మీసం ఉన్న కుక్కను చూశానని చెప్పేవాడు. ఎత్తు మేకపోతంత, వీపు నల్లగా, కాళ్ళూ తలా ఎర్రమట్టి రంగులో, ఒళ్ళంతా చీపురు పుల్లల్లాంటి వెంట్రుకలు. "మనిషి లెక్క చూస్తది, నవ్వుతది" అనేవాడు. తాత మాటల్లో సగం అతిశయోక్తి అని మేము వదిలేశాం. పోయినంక ఎన్నో ఏండ్లకు ఒక పుస్తకంలో ఏర్‌డేల్ టెర్రియర్ బొమ్మ చూస్తే, తాత చెప్పింది అచ్చం అట్లనే ఉంది. గడ్డంతో సహా.

టెర్రియర్లలో అన్నిటికన్నా పెద్దది ఏర్‌డేల్. అందుకే దాన్ని టెర్రియర్ల రాజు అంటారు. మగది భుజం దగ్గర 58 నుంచి 61 సెంటీమీటర్లు, ఆడది ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ. టెర్రియర్ అనే మాట నేల అని అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచి పుట్టింది. నేల తవ్వి, బొరియలో దూరి ఎలుకనో నక్కనో పట్టే కుక్కలు ఇవి. అందుకే అవి ఎక్కువగా పొట్టివి. బొరియలో పట్టనంత పెద్ద టెర్రియర్ ఎందుకు పుట్టిందీ అంటే, నది కోసం పుట్టింది.

ఇంగ్లండులో యార్క్‌షైర్ దిక్కున ఏర్ అని ఒక నది. ఆ నది లోయ పేరే ఏర్‌డేల్. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ లోయ నిండా ఉన్ని మిల్లులు, మిల్లుల నిండా కూలీలు. దొరలకు నక్కల వేటకు గుర్రాలు, కుక్కల మందలు ఉండేవి. కూలీకి ఒక్క కుక్కను సాకే తాహతే ఉండేది. ఆ ఒక్కటే అన్ని పనులూ చెయ్యాలి: ఒడ్డున ఎలుకలు పట్టాలి, రాత్రి ఇల్లు కాయాలి, సెలవు రోజు నీళ్ళలో దిగి నీరుకుక్కను తరమాలి. అందుకని పాతకాలపు గరుకు వెంట్రుకల నలుపు, ఎరుపు టెర్రియర్‌ను ఆటర్‌హౌండ్ అనే నీరుకుక్కల వేటకుక్కతో కలిపారు. పుట్టిన పిల్లలకు ఈత, ముక్కు వాసన ఒక వైపు నుంచి, తెగువ, మొండితనం ఇంకో వైపు నుంచి వచ్చాయి. మొదట వాటర్‌సైడ్ టెర్రియర్ అన్నారు, బింగ్లీ టెర్రియర్ అని కూడా అన్నారు. 1886లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఏర్‌డేల్ అనే పేరుతో దీన్ని ఒక జాతిగా ఒప్పుకుంది.

నీరుకుక్క అన్న మాట దగ్గర మాకు నవ్వొస్తుంది. ఇంగ్లీషువాడు ఆటర్ అనే జంతువును మన తెలుగువాళ్ళు కుక్కల్లోనే కలిపేశారు. ప్రాణహితలో నీటికుక్కలు గుంపుగా ఈదుతూ జాలర్ల వలల్లో చేపలు ఎత్తుకుపోయేవని తాత చెప్పేవాడు. అంటే కుక్కను తరమడానికి కుక్కను పుట్టించారన్నమాట.

ఇంకో విచిత్రం. ఏర్ ఒడ్డున కూలీలు ఈ కుక్కను తయారుచేస్తున్న రోజుల్లోనే మా నది ఒడ్డున ఇంగ్లీషువాళ్ళు రాళ్ళు పేలుస్తున్నారు. 1860లో నిజాం గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ, నుగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను కంపెనీ పోయి రాణి వచ్చిన సర్కారుకు ఇచ్చాడు. వాటితో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది, దానికి సిరొంచ కేంద్రం. 1862లో బస్తర్ మీద రిపోర్టు రాసిన కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ ఈ జిల్లాకు డిప్యూటీ కమిషనర్. సిరొంచ తాలూకాలో గ్లాస్‌ఫోర్డ్‌పేట అనే ఊరు ఇప్పటికీ ఉంది, ఆధార్ కార్డుల మీద కూడా అదే పేరు. అప్పట్లో అమెరికాలో అంతర్యుద్ధం, లాంకషైర్ మిల్లులకు పత్తి కరువు. మధ్య హిందుస్తాన్ పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో సముద్రం దాకా దింపాలని ఆర్థర్ కాటన్ ఆలోచన. మధ్యలో మూడు చోట్ల రాతి అడ్డంకులు: దుమ్ముగూడెం, ఎంచంపల్లి, దేవలమర్రి. కాలువలు, లాకులు మొదలుపెట్టారు. జ్వరాలతో కూలీలు పడిపోయారు. ఇంతలో రైలు వచ్చింది. 1871లో పని ఆపేశారు. 1874లో జిల్లానే తీసేశారు: భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు పోయాయి, సిరొంచ చాందా జిల్లాలో ఒక తహసీలుగా మిగిలింది. తెలుగు మాట్లాడే మేము మరాఠీ జిల్లాలో పడింది ఈ లెక్కలోనే. లాంకషైర్ పత్తి, యార్క్‌షైర్ ఉన్ని, మధ్యలో ఒక కొండల వరుస. ఆ కొండలకు ఒక పక్క మా నది మీద ఆశ పుట్టింది, ఇంకో పక్క తాత చూసిన కుక్క పుట్టింది.

దొరలు కట్టుకున్న బంగళాలు నిలిచాయి, వాళ్ళ వెంట వచ్చిన కుక్కల గురించి ఊళ్ళో ముచ్చట్లే మిగిలాయి. మన దగ్గర వేటకుక్కలు కొత్త కాదు. జాగిలం అనే మాట మనకు ముందే ఉంది, ఇప్పుడు పోలీసు కుక్కలకు పత్రికలవాళ్ళు వాడుతున్నారు. ప్రబంధాల్లో వేట ఘట్టం వచ్చిందంటే కుక్కల బారు తప్పదు. మాడియా గూడేల్లో కుక్క లేని ఇల్లు అరుదు, జొన్నచేనులోకి అడవిపంది రాకుండా చూసేది అదే. కానీ ఇక్కడి కుక్కకు పేరు, వంశం, కాగితం ఉండవు. తాత ఆశ్చర్యపోయింది దానికేనేమో, దొర తన కుక్క తాతముత్తాతల పేర్లు చెప్పాడట. అదే దొరల కాలంలో మా అడవి రేచుకుక్కలను మాత్రం పురుగుల్లెక్క చూసి, చంపినవాళ్ళకు ఇనాం ఇచ్చారు. 1972 చట్టం వచ్చేదాకా వాటికి రక్షణ లేదు.

ఏర్‌డేల్ వేట నుంచి ఉద్యోగంలోకి కూడా వచ్చింది. 1908లో ఇంగ్లండులో హల్ రేవు దగ్గర రైల్వే పోలీసులు రాత్రి కాపలాకు వీటిని పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లెఫ్టినెంట్ కర్నల్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1917లో సైన్యం కోసం కుక్కల బడి పెట్టి, ఫిరంగుల మధ్య నుంచి చీటీలు మోసేలా తయారుచేశాడు. వాటిలో ఏర్‌డేల్‌లు ముఖ్యమైనవి. టైటానిక్ ఓడలో అందరికన్నా ధనవంతుడైన ఆస్టర్ వెంట ఒకటి ఉంది, దాని పేరు కిట్టీ, అది బతకలేదు. 1921లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ శ్వేతసౌధంలో లాడీ బాయ్ అనే ఏర్‌డేల్‌ను పెంచాడు, మంత్రివర్గ సమావేశాల్లో దానికి వేరే కుర్చీ ఉండేది. ఆ తర్వాత జర్మన్ షెపర్డ్ వచ్చి దీని ఉద్యోగాలన్నీ పట్టుకుపోయింది. ఎందుకో మాకు సొంతంగా తెలిసివచ్చింది.

2014 డిసెంబరులో మా తమ్ముడి కొడుకు పుణె నుంచి సెలవుకు వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో దాదాపు పూర్తిగా నల్లగా ఉన్న కుక్కపిల్ల. తాత కుక్కే అన్నాడు. ఇది నల్లపిల్ల, తాత చెప్పింది ఎర్రది కదా అని మేము నమ్మలేదు. ఏర్‌డేల్ పిల్లలు నల్లగా పుట్టి, నెలలు గడిచేకొద్దీ తల, కాళ్ళు ఎర్రబడతాయని అప్పుడు మాకు తెలియదు. ఆరు నెలలకు గడ్డం వచ్చింది. దానికి మంచి ఇంగ్లీషు పేరు పెట్టుకొచ్చాడు వాడు. అవ్వ ఒక్కసారి చూసి "గడ్డపోడు" అంది. అదే ఖాయమైంది.

"అవ్వా, ఇంట్లోకి రానియ్య, కొట్టంలోనే ఉంటది" అని వాడు బతిమాలాడు. "నీ ఇష్టం కొడుకా. నా దిక్కు రావొద్దు" అంది. అంతే. రెండేండ్లు ఆమె దాని దిక్కు చూడలేదు.

ఏర్‌డేల్ స్వభావం గురించి పుస్తకాలు స్వతంత్రమైనది అని మర్యాదగా రాస్తాయి. ఇంట్లో దాన్నే మొండి అంటాం. చెప్పింది మూడోసారికే నేర్చుకుంటుంది. ఆరోసారి చెప్పమంటే మొహం తిప్పుకుంటుంది. నేను చేసి చూపించాను కదా, మళ్ళీ ఎందుకు అన్నట్టు. షెపర్డ్ కుక్క వందసార్లయినా చేస్తుంది, అందుకే సైన్యం దాన్ని ఎంచుకుంది. ఏర్‌డేల్‌ను కొట్టి నేర్పలేం, కొడితే మనసు విరిగి ఇంకా మొండికేస్తుంది. ఆటగా, కొద్దిసేపు, ఒక ముక్క రొట్టె చేతిలో పెట్టుకుని నేర్పితే ఏమైనా చేస్తుంది. బుద్ధి ఆలస్యంగా వస్తుంది: ఒళ్ళు ఏడాదికే పెరుగుతుంది, పసితనం రెండు మూడేండ్లు పోదు. ఆ వయసులో ముప్పై కిలోల దగ్గరి కుక్క ఉరికొచ్చి మీద పడితే చిన్నపిల్లలు కింద పడతారు. కావాలని కరవదు, కానీ పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

కోళ్ళు, ఉడతలు, పిల్లులు కనిపిస్తే చెవులు వినపడవు. అది వేట రక్తం. మొదటి ఏడాది బెంగాలీ పాడాలో మూడు కోళ్ళకు డబ్బులు కట్టాం, నాలుగోదానికి వాళ్ళు కూర వండి మాకే పంపారు. తవ్వడం ఇంకో సంగతి. అవ్వ మందార చెట్టు కింద తవ్వితే తిట్లు తింది, మర్నాడు సరిగ్గా అక్కడే తవ్వింది. నీళ్ళు కనిపిస్తే ఆగేది కాదు, ప్రాణహిత ఒడ్డుకు తీసుకుపోతే దూకడమే.

భాషల గొడవ ఒకటి చెప్పకపోతే ఎట్లా. మా పిల్లలు దానికి మరాఠీలో నేర్పారు. మరాఠీలో బస్ అంటే కూర్చో. మన దగ్గర బస్ అంటే చాలు. పంక్తిలో అన్నం వడ్డిస్తుంటే చుట్టాలు "బస్, బస్" అంటారు కదా, వాకిట్లో ఉన్న గడ్డపోడు ప్రతి బస్‌కూ కూర్చునేది. లేచేది, మళ్ళీ ఎవరో బస్ అనేవారు, మళ్ళీ కూర్చునేది. పెళ్ళి భోజనం రోజు దానికి అలసట వచ్చింది. మీరు ఏ ఊళ్ళో ఉన్నా కుక్కతో ఒక్క భాషలోనే మాట్లాడండి. మా సలహా అయితే తెలుగులో. పార్కులో ఇంకెవరూ పిలవరు కాబట్టి అయోమయం ఉండదు.

ఇక పెంపకం. ఇక్కడ మా తప్పులే ఎక్కువ.

అమ్మినవాడు ఏ వాతావరణంలో అయినా బతుకుతుందని చెప్పాడట. పేరు ఎందుకు గానీ, అది నిజం కాదు. ఇది చల్లని, తడి దేశపు కుక్క. పైన తీగలాంటి గరుకు వెంట్రుక, లోపల మెత్తని ఉన్ని, రెండు పొరలు. మా దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. మొదటి ఎండాకాలం పాపం అని జాలిపడి మంగలి మిషన్‌తో ఒంటి మీది వెంట్రుకంతా నున్నగా తీయించేశాం. అది ఘోరమైన తప్పు. ఎండ నుంచి కాపాడేది ఆ పై పొరే. వీపు కాలి పొక్కులు వచ్చాయి. మళ్ళీ మొలిచిన వెంట్రుక గరుకుగా రాలేదు, గొర్రెపిల్ల ఉన్నిలా మెత్తగా, వంకులు తిరిగి వచ్చింది. దానిలో మట్టి, ముళ్ళు, పిడుదులు అన్నీ ఇరుక్కున్నాయి.

మాకు దారి చూపింది పక్క ఊరి కురుమ పెద్దాయన. గొర్రెల ఉన్ని కత్తిరించి గొంగళ్ళు నేసే చెయ్యి అది. గడ్డపోడి వీపు మీద వేళ్ళు పెట్టి చూసి "ఇది కత్తెర వెంట్రుక కాదయ్యా, పీకే వెంట్రుక" అన్నాడు. బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య నాలుగు వెంట్రుకలు పట్టి, పెరిగే దిక్కుకే లాగాడు. చచ్చిన వెంట్రుక నొప్పి లేకుండా ఊడొచ్చింది. కింద కొత్త గరుకు వెంట్రుక మొలుస్తోంది. ఇంగ్లండులో ప్రదర్శనలకు పంపే కుక్కలకు చేసేదీ ఇదే పని, ఏటా రెండుసార్లు, చేత్తో. ఉన్ని మిల్లుల లోయలో పుట్టిన కుక్క సంగతి గొంగళ్ళు నేసే మనిషికి అర్థం కావడంలో వింత ఏముంది. మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు దువ్వెన, గడ్డం మాత్రం ప్రతి అన్నం తర్వాత తుడవాలి. లేకపోతే వాసన.

ఎండాకాలం పద్ధతి మెల్లగా నేర్చుకున్నాం. తెల్లారి ఆరుకు ముందే గంట నడక, సాయంత్రం నేల చల్లబడ్డాక ఇంకోటి. పగలంతా చాపల తడక కింద, తడి ఇసుక మీద. ఎగరొగర్పు ఆగక, నాలుక ముదురు ఎరుపు అయ్యి, తూలితే అది వడదెబ్బ. మామూలు నీళ్ళతో పొట్ట, తొడలు, పాదాలు తడిపి గాలి ఆడనిచ్చి, వెంటనే పశువుల దవాఖానకు పోవాలి. తిండికి గటుక, అన్నం, ఉడికించిన మాంసం, గుడ్డు, పెరుగు. ఉల్లిగడ్డ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ముట్టనివ్వొద్దు. ఉల్లిగడ్డ దాని రక్తాన్ని విరిచేస్తుంది, మన కూర మిగిలింది కదా అని పెట్టకండి.

పిడుదులను మా దగ్గర మరాఠీలో గోచీడ్ అంటారు. చల్లటి దేశాల్లో ఉన్నవాళ్ళకు ఇది అంత తెలియదు, మన వేడి దేశంలో కుక్కలను చంపేవాటిలో ఇదొకటి. పిడుదు కరిస్తే రక్తంలోకి ఎర్లికియా అనే సూక్ష్మజీవి పోతుంది. మూడో ఏడు వానాకాలంలో గడ్డపోడు తిండి మానేసింది, చిగుళ్ళు పాలిపోయాయి, ముక్కు నుంచి రక్తం కారింది. రక్తపరీక్ష చేసి డాక్సీసైక్లిన్ ఇచ్చారు, నాలుగు వారాలు రోజూ. మానకుండా వెయ్యాలి, బాగైంది కదా అని పదో రోజు ఆపితే తిరగబెడుతుంది.

ఆ నాలుగు వారాల్లో ఒక రాత్రి అవ్వ కొట్టంలోకి పోయి దాని పక్కన కూర్చుంది. ఎవరం పిలవలేదు. అన్నం గంజిలో మాత్ర పిసికి పెట్టింది. ఆ రాత్రే 1949 సంగతి చెప్పింది.

ఆమెకు పదకొండేండ్లు, తమ్ముడికి తొమ్మిది. ఆషాఢంలో ఊరి కుక్క ఒకటి తమ్ముడి పిక్క కరిచింది. గాయంలో కారం నూరి పెట్టారు, చెట్టుమందు కట్టారు. గాయం మానింది. ఎవరో చాందా పోయి సూదులు వేయించమన్నారు. సూదిమందు అప్పటికే ఉంది: కసౌలీలో 1900 నుంచి, కూనూరులో 1907 నుంచి పాశ్చర్ సంస్థలు ఉన్నాయి, 1911లో సెంపుల్ అనే డాక్టరు చేసిన మందు దేశమంతా వాడేవారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. కానీ వాగులన్నీ నిండి పారుతున్నాయి, బండి దాటదు. నీళ్ళు తగ్గాక పోదాం అనుకున్నారు. నీళ్ళు తగ్గేలోపే పిల్లవాడు నీళ్ళను చూసి వణకడం మొదలుపెట్టాడు. అప్పుడు బండి కట్టారు. తొవ్వలోనే పోయాడు. "దప్పి దప్పి అంటడు, గలాస చూపితే గొంతు పట్టుకపోతది" అంది అవ్వ. ఆ తర్వాత అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఇంకో మాట చెప్పింది: ఆ కుక్కకు రొట్టె వేసి వాకిట్లోకి అలవాటు చేసింది తానేనని.

అందుకే ఈ సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కుక్క కరిస్తే, గోరు గీరినా సరే, ముందు సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు దవాఖానకు పోయి, డాక్టరు రాసిన తేదీలన్నిటికీ సూదులు వేయించుకోవాలి, ఒక్కటి కూడా వదలొద్దు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ వేరే మందు కూడా వేస్తారు, అడగండి. బొడ్డు చుట్టూ వేసే పాత మందు మన దేశంలో 2005 వచ్చేసరికి పూర్తిగా పోయింది, ఇప్పటివి చేతికి వేస్తారు, సర్కారు దవాఖానలో ఉచితం. రోగం బయటపడ్డాక మాత్రం ఇప్పటికీ మందు లేనట్టే. ఇంట్లో కుక్కకు మూడో నెలలో టీకా, తర్వాత ఏటేటా.

గడ్డపోడు ఆ జ్వరం నుంచి లేచింది. తర్వాత అవ్వ మంచం కిందే పడుకునేది. చిరుతపులి కుక్కలను ఎత్తుకుపోయే ఊరు మాది, రాత్రి లోపల ఉండాల్సిందేనని అవ్వే తీర్పు చెప్పింది. అరవై ఏండ్ల కట్టడి ఒక వానాకాలంలో పోయింది, దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

2024 ఫిబ్రవరిలో ఇంట్లో శుభకార్యం. వచ్చినవాళ్ళందరూ ప్రేమగా తలా ఇంత పెట్టారు. కడుపు నిండా తిని, నీళ్ళు తాగి, పిల్లలతో ఉరికింది. సాయంత్రానికి పొట్ట డోలులా ఉబ్బింది. కక్కబోతుంది, ఏమీ రాదు. కూర్చోలేదు, పడుకోలేదు. ఎద ముందుకు, లోతుగా ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి మెలి తిరుగుతుంది. ఏర్‌డేల్ ఆ కోవలోదే. మెలి పడితే ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ కొన్ని గంటల్లోనే. మాకు దగ్గర్లో అది చేసేవాళ్ళు లేరు. నాగపూర్ అంటే అయిదారు గంటలు. బండి తీశాం. అవ్వ కూడా ఎక్కి కూర్చుంది, ఎనభై ఆరో ఏడు, వద్దంటే వినలేదు. గడ్చిరోలి దాటినంక దాని ఊపిరి ఆగింది. అప్పటికి తొమ్మిదేండ్లు దాటాయి. ఈ జాతి మామూలుగా పది పన్నెండేండ్లు బతుకుతుంది.

పెద్ద కుక్కలు ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి: రోజు తిండి ఒక్కసారే పెట్టకుండా రెండు మూడు సార్లుగా పెట్టాలి, తిన్న తర్వాత గంటసేపు ఉరకనివ్వొద్దు, పొట్ట ఉబ్బి వట్టి కక్కు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. కడుపును ముందే లోపలి గోడకు కుట్టించే ఆపరేషన్ కూడా ఉంది, మంచి దవాఖాన ఉన్న ఊళ్ళో ఉన్నవాళ్ళు డాక్టరును అడగండి.

ఇప్పుడు ఇంట్లో ఇంకో కుక్క గురించి మాట నడుస్తోంది. తమ్ముడి కొడుకు మళ్ళీ ఏర్‌డేలే అంటున్నాడు. మాలో కొందరం వద్దంటున్నాం. ఎండకు పనికిరాని కుక్కను తెచ్చి, దానికి చాపల తడక కట్టి, మనకు మనమే శభాష్ అనుకోవడం ఏం న్యాయం. చలి దేశంలో ఉన్న మీకైతే ఇది మంచి కుక్కే, రోజూ రెండు గంటలు దానికి ఇవ్వగలిగితే. మాకు మాత్రం కొల్లేరు దిక్కు జొనంగి నయం అనిపిస్తోంది. పొట్టి వెంట్రుక, ఎండకు ఓర్చుకుంటుంది, బాతుల మందలు కాసిన జాతి. నేల తవ్వి గుంటలో పడుకోవడం దానికీ అలవాటే కాబట్టి మందార చెట్టుకు మాత్రం ఏ మార్పూ ఉండదు. కొల్లేరు చేపల చెరువులయ్యాక బాతుల కాపలా తగ్గి, ఆ కుక్కలూ తగ్గిపోయాయి. కర్నూలు దిక్కు పందికోన కుక్క గురించీ అడుగుతున్నాం. అవ్వను అడిగితే "ఏదైనా తే, సూదులు మాత్రం ముందుగల ఏపియ్యి" అంది.

ఇంకొక్క మాట. అల్లపల్లి టేకు డిపో ముందు గడ్డపు కుక్కతో ఒక దొర, వెనకాల బండ్లవాళ్ళు నిలబడ్డ ఫోటో ఒకటి ఉండేదని తాత చెప్పేవాడు. బండ్లవాళ్ళలో ఎడమ నుంచి మూడోవాడు తానేనట. అహేరి, చెన్నూరు, బల్లార్షా దిక్కు నుంచి పోయి వేరే దేశాల్లో ఉన్నవాళ్ళలో ఎవరి ఇంటి పెట్టెలోనైనా అట్లాంటి ఫోటో ఉంటే చూడండి. కుక్క నవ్వుతున్నట్టు ఉంటే అదే.